20 అడుగుల గీత: రాతి క్వారీల్లో ప్రమాదాల వెనక కథ

2025 ఆగస్టు 3, ఆదివారం. అప్పటికి బాపట్ల జిల్లాలో ఉన్న బల్లికురవ దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో పొద్దున్నే పనిలోకి దిగిన కూలీల మీద పైనుంచి బండ విరిగిపడింది. ఆరుగురు చనిపోయారు. ఆరుగురూ ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. దెబ్బలు తగిలినవాళ్లను నరసరావుపేట ఆస్పత్రికి తరలించారు. ఊట నీళ్లు దిగి అంచు వదులైపోయిందన్నది అధికారుల తొలి మాట.

అంతకు సరిగ్గా ఏడేళ్ల ముందు, 2018లో ఇదే ఆగస్టు 3 రాత్రి, కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్‌లో కంకర క్వారీలో పేలుడు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. అక్కడా ఎక్కువమంది ఒడిశా కూలీలే. ఈ రెండింటి మధ్యలో 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లెలో ముగ్గురాయి గని దగ్గర వాహనంలోంచి పేలుడు పదార్థాలు దించుతుండగా అవి పేలి పదిమంది బలయ్యారు. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. చనిపోయేది ప్రతిసారీ పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలే కావడం మాత్రం యాదృచ్ఛికం అనలేం.

ప్రతి ప్రమాదం తర్వాతా పేపర్లో ఒకే వాక్యం వస్తుంది: నిబంధనలు పాటించలేదు. నిజమే. కానీ ఆ నిబంధనలు అసలు క్వారీ దాకా ఎలా వచ్చాయి, ఎంతవరకు వచ్చి ఆగిపోయాయి అని చూస్తే కథ నూటపాతికేళ్లు వెనక్కి వెళుతుంది.

మన మాటల్లోనే ఒక తేడా ఉంది. గని అంటే సింగరేణి, కోలార్. క్వారీ అంటే "కొండ కొట్టడం". మొదటిది పరిశ్రమ, రెండోది కూలి పని. చట్టం కూడా చాలాకాలం ఈ కళ్లతోనే చూసింది. 1897లో కోలార్ బంగారు గనుల్లో 52 మంది, ఆ తర్వాత బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయాక బ్రిటిష్ ప్రభుత్వం కదిలింది. 1901లో మొదటి గనుల చట్టం వచ్చింది. 1902 జనవరి 7న కలకత్తాలో తనిఖీ ఆఫీసు పెట్టారు. 1908లో దాన్ని బొగ్గు ఊరు ధన్‌బాద్‌కు మార్చారు. ఇవాళ్టి డీజీఎంఎస్, అంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, పుట్టింది అలాగే. ప్రధాన కార్యాలయం ఇప్పటికీ అక్కడే. హైదరాబాద్‌లో, నెల్లూరులో ప్రాంతీయ కార్యాలయాలున్నాయి.

ఆ 1901 చట్టంలో ఒక గీత గీశారు. 20 అడుగుల లోతు దాటని తవ్వకం గని కింద లెక్కకు రాదు. అప్పటికి అది మరీ తప్పు కాదేమో. వడ్డెర్లు సమ్మెట, ఉలి, గునపం పట్టుకుని, బండ మీద మంటపెట్టి పొరలు లేపుకుంటూ చేసే పని అది. నలకలు ఎగిరి కన్ను పోయేది, వేలు నలిగేది. ఎక్కడా రాసిపెట్టేవాళ్లు కాదు. రాయి కొట్టేవాడికి అలాంటివి మామూలే అనుకునే రోజులు.

1923 చట్టంలో లోతు గీత పోయింది. ఖనిజం కోసం తవ్వే ఏ గొయ్యి అయినా గనే అన్నారు. 1952 గనుల చట్టం వచ్చేసరికి అదే గీత మూడో సెక్షన్‌లో మినహాయింపుగా మళ్లీ ప్రత్యక్షమైంది. కంకర, మొరం, గులకరాయి, ఇసుక, ఇళ్లకు వాడే రాయి, రోడ్డు మెటల్, పలక రాయి, సున్నపురాయి లాంటివి తీసే ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తెరిచి చేసే, తవ్వకాలకు చట్టంలోని చాలా సెక్షన్లు వర్తించవన్నారు. అయితే షరతులు మూడు. లోతు ఎక్కడా 6 మీటర్లు, అంటే అదే పాత 20 అడుగులు, దాటకూడదు. ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు. పేలుడు మందు వాడకూడదు. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మినహాయింపు పోయినట్టే.

అంటే మందు పెట్టి పేల్చే ప్రతి క్వారీ, ఇద్దరే పనిచేస్తున్నా సరే, 1952 నుంచీ చట్టం కిందే ఉంది. కానీ అలవాటు మినహాయింపుదే. "ఇది గనేంటండీ, రాళ్లు కొట్టుకుంటున్నాం" అనే మాట కూలీ నోటి నుంచే కాదు, లీజుదారు నోటి నుంచీ వస్తుంది.

ఈ సందేహం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1982 ఫిబ్రవరిలో వెట్టి కూలీల కోసం పనిచేసే బంధువా ముక్తి మోర్చా నాయకుడు స్వామి అగ్నివేశ్ రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, ఢిల్లీ పక్కన ఫరీదాబాద్ రాతి క్వారీల్లో వెట్టి కూలీల పరిస్థితి మీద కోర్టు విచారణ జరిపింది. 1983 డిసెంబర్ 16న జస్టిస్ భగవతి ధర్మాసనం ఇచ్చిన బంధువా ముక్తి మోర్చా తీర్పు వెట్టిచాకిరీ విషయంలో అందరికీ గుర్తే. అందులోనే ఉన్న ఇంకో ముక్కను ఎవరూ పెద్దగా తలుచుకోరు: ఈ రాతి క్వారీలు 1952 చట్టం ప్రకారం గనులే, ఆ మినహాయింపు వీటికి రాదు. రాయిని కంకర చేసే క్రషర్ల సంగతీ ఆ తీర్పు వదల్లేదు. క్రషర్ మీద నీళ్ల డ్రమ్ము పెట్టి ఆగకుండా చిలకరిస్తుండాలి, లేకపోతే దుమ్ము పీల్చే మెషిన్ పెట్టాలి అని ఆదేశించింది. నలభై ఏళ్లు దాటింది. ఏదైనా హైవే పక్క క్రషర్ దగ్గర బండి ఆపి, ఆ డ్రమ్ము కోసం ఒకసారి తలెత్తి చూడండి.

చట్టం ఇలా ఉంటే, పాలన మూడు ముక్కలైంది. 1957 గనులు, ఖనిజాల చట్టం 15వ సెక్షన్ కింద చిన్న తరహా ఖనిజాల మీద నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 1966లో తన నియమాలు రాసుకుంది. గ్రానైట్ కూడా ఈ చిన్న తరహాలోదే. ఇరవై టన్నుల బ్లాక్‌ను ట్రైలర్ మీదకెక్కించి పోర్టుకు పంపేటప్పుడు ఆ "చిన్న" అన్న మాట ఎంత వింతగా ఉంటుందో. సరే, లీజు, సీనరేజీ (తీసిన రాయికి కట్టే రుసుము) చూసేది రాష్ట్ర గనుల శాఖ. కార్మికుల భద్రత చూసేది కేంద్రం చేతిలోని డీజీఎంఎస్. పేలుడు మందుకు లైసెన్స్ ఇచ్చేది నాగ్‌పూర్ నుంచి నడిచే పెసో అనే మరో కేంద్ర సంస్థ. రాయికి పన్ను కట్టించుకునే ఆఫీసు జిల్లాలోనే ఉంటుంది. ఆ రాయి కింద నిలబడే మనిషి సంగతి చూసే ఆఫీసు దూరంగా ఉంటుంది.

ఈలోగా క్వారీ మారిపోయింది. 1980ల నుంచి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ విదేశాలకు వెళ్లడం మొదలయ్యాక సమ్మెట స్థానంలో కంప్రెసర్, జాక్ హామర్, ఆ తర్వాత హిటాచీ, క్రేన్, డైమండ్ వైర్ సా వచ్చాయి. 20 అడుగుల గొయ్యి చూస్తుండగానే 200 అడుగుల బావి అయింది.

అంత లోతుకు వెళ్లేటప్పుడు గోడను నిటారుగా కోయకూడదు, మెట్లు మెట్లుగా దిగాలి. క్వారీ భాషలో బెంచీలు. బొగ్గు కాని గనుల కోసం చేసిన 1961 మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ 106వ నిబంధన ప్రకారం గట్టి రాయిలో బెంచీ ఎత్తు 6 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకంటే తగ్గకూడదు. పెద్ద యంత్రాలతో పనిచేస్తూ ఎత్తు పెంచుకోవాలంటే డీజీఎంఎస్ అనుమతి ఉండాలి. బండ జారినా పక్క మెట్టు మీదే ఆగిపోవాలన్నది దీని వెనక ఆలోచన.

ఇది ఎందుకు జరగదో తెలియాలంటే ఒక కాగితం తీసుకుని లెక్క వేయాలి. హెక్టారు లీజు ఉందనుకోండి: నూరు మీటర్ల పొడవు, నూరు మీటర్ల వెడల్పు. 60 మీటర్ల లోతుకు దిగాలి. ఆరేసి మీటర్ల బెంచీలు పది కావాలి. వాటి మధ్య తొమ్మిది మెట్లు, ఒక్కోటి 6 మీటర్లు. అంటే ఒక్కో వైపు 54 మీటర్లు. రెండు వైపులా కలిపితే 108. ఉన్నదే నూరు! నిబంధన పాటిస్తే అడుగుకు చేరకముందే గొయ్యి మూసుకుపోతుంది. పాటించకపోతే మంచి రాయి అంతా దక్కుతుంది, గోడ మాత్రం నిటారుగా నిలబడుతుంది. పక్క లీజు వాడూ అదే పని చేస్తాడు కాబట్టి మధ్యలో పలచటి గట్టు ఒకటి మిగులుతుంది. వానాకాలంలో నీళ్లు దిగేది ఆ గట్టులోకే. చిన్న చిన్న లీజులతో వచ్చే తంటాల గురించి 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మాట్లాడింది, 5 హెక్టార్ల లోపు వాటికీ పర్యావరణ అనుమతి ఉండాలంది. అది పర్యావరణం కోణం. గోడ కింద నిలబడే మనిషికి కూడా అసలు చిక్కు లీజు సైజులోనే ఉందని నా అభిప్రాయం.

ఇక మందు సంగతి. క్వారీలో ఇప్పటికీ అందరూ "జిలెటిన్" అంటారు, ఎఫ్ఐఆర్‌లోనూ అదే రాస్తారు. నిజానికి నైట్రోగ్లిజరిన్ కలిసిన పాత జిలెటిన్‌ను మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచే నిషేధించారు. ఇప్పుడు వాడేవి స్లర్రీ, ఎమల్షన్ రకాలు. ఇవి పాతవాటిలా చిన్న దెబ్బకే పేలవు. అయినా ప్రమాదాలు ఆగలేదంటే అసలు తంటా మందును పేల్చే చిన్న గొట్టం, డిటోనేటర్‌తో, దాన్నీ మందునూ ఒకే చోట పెట్టే అలవాటుతో. తీగల్లోకి అనుకోకుండా కరెంటు చేరినా, పిడుగు పడినా ఎలక్ట్రిక్ డిటోనేటర్ పేలే ప్రమాదం ఉంది. వాటి తయారీ, వాడకం మీద 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధం వచ్చింది.

పేలినదానికంటే పేలకుండా మిగిలిన మందు ఇంకా భయం. వరుసగా ఇరవై రంధ్రాల్లో పెట్టి పేలిస్తే ఒకటి పేలదు. దుమ్ములో, చప్పుళ్ల లెక్కలో అది తప్పిపోతుంది. అలా మిగిలినదాన్ని కెలకకూడదు, కనీసం 30 సెంటీమీటర్లు ఎడంగా, దానికి సమాంతరంగా ఇంకో రంధ్రం వేసి పేల్చాలి అన్నది రూలు. మర్నాడు షిఫ్ట్‌కి వచ్చే డ్రిల్లర్‌కి ఆ పేలని రంధ్రం ఎక్కడుందో ఎవరు చెప్పాలి? చట్టం ప్రకారం డీజీఎంఎస్ సర్టిఫికెట్ ఉన్న బ్లాస్టర్ (మందు పేల్చేవాడు), మేట్ (పని పర్యవేక్షించేవాడు) చెప్పాలి. ఆ ఇద్దరూ కాగితాల మీదే ఉన్న చోట డ్రిల్ బిట్టే వెతుక్కుంటుంది.

మెషిన్ల దెబ్బలు వార్తల్లోకి రావు, ఎందుకంటే ఒక్కసారికి ఒక్కరే. క్రషర్ తీసుకోండి. దవడల మధ్య పెద్ద రాయి అడ్డం పడి ఇరుక్కుంటుంది. మోటార్ ఆపి, స్విచ్‌కి తాళం వేసి, అప్పుడు ఎక్కి తీయాలి. ఆపితే మళ్లీ లోడు ఎత్తుకోవడానికి టైం పడుతుంది, కింద టిప్పర్లు లైన్లో ఉంటాయి. అందుకని నడుస్తున్న మెషిన్ మీదే గునపంతో పొడుస్తారు. రాయి సర్దుకున్న క్షణంలో గునపం తిరగబడి ఛాతీకి తగులుతుంది. కన్వేయర్ బెల్టు చివర పుల్లీ దగ్గర జారిన కంకరను పారతో తీస్తుంటే తువ్వాలు కొసో, చొక్కా చెయ్యో పట్టుకుని లాగేస్తుంది. దాని చుట్టూ ఉండాల్సిన ఇనుప జాలీ పక్కన గోడకు ఆనించి ఉంటుంది, రిపేర్‌కని విప్పి మళ్లీ బిగించరు. ఇక వైర్ సా. ఉక్కు తాడుకు పూసల్లా డైమండ్ ముక్కలు గుచ్చి ఉంటాయి. తాడు తెగితే ఆ పూసలు తూటాల్లా ఎగురుతాయి. పాత రాళ్ల కొట్టుడులో ఈ గాయం లేదు, యంత్రంతోపాటే వచ్చింది.

ఈ గాయాలు లెక్కలోకి ఎందుకు రావో కూడా చట్టంలోనే ఉంది. 72 గంటలు, అంతకు మించి పనికి దూరమైతేనే అది నమోదు చేయాల్సిన గాయం. వేలు నలిగినవాడికి మేస్త్రీ కట్టు కట్టించి, మర్నాడు నీళ్లు పట్టే పనికి పెడితే అది గాయమే కాదు. లేదా చేతిలో కొంత డబ్బు పెట్టి ఊరికి రైలెక్కిస్తే మనిషే రికార్డులో లేడు.

ఒడిశా నుంచి ఇలా మనుషుల్ని తీసుకెళ్లడం కొత్త కాదు. అక్కడ దీన్ని "దాదన్" అంటారు: అడ్వాన్స్ చేతిలో పెట్టి, సర్దార్ అనే కూలీల ఏజెంట్ ద్వారా దూరప్రాంతం పనికి పట్టుకెళ్లడం. దీని మీద ఒడిశా 1975లోనే ఒక చట్టం చేసుకుంది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టానికి మూలం అదే. ఐదుగురు, అంతకు మించి వలస కూలీలుంటే రిజిస్ట్రేషన్, కాంట్రాక్టర్‌కు లైసెన్స్ అందులోని షరతులు. కొత్త లేబర్ కోడ్‌లో ఆ ఐదును పది చేశారు. బల్లికురవ లాంటి చోట పేలుడు హెచ్చరిక తెలుగులో అరుస్తారు, కింద ఉన్నవాడికి వచ్చింది ఒడియా.

శిక్షల సంగతి రెండు అంకెల్లో చెప్పొచ్చు. 1952 చట్టం ప్రకారం నిబంధన ఉల్లంఘన వల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా. 2025 నవంబర్ 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో జైలు అంతే ఉంది, జరిమానా కనీసం 5 లక్షలైంది. అందులో సగానికి తగ్గకుండా బాధితుడి కుటుంబానికి ఇమ్మని కోర్టు చెప్పొచ్చు.

అదే రోజు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయిన 1923 నాటి నష్టపరిహార చట్టం సూత్రం వేరు. చనిపోయిన మనిషి నెల జీతంలో సగాన్ని వయసు బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చించేవారు. లెక్కకు తీసుకునే జీతం పరిమితి 2020లో 15,000 అయింది. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. అంటే 15,59,850 రూపాయలు. దీనికి ముందు అతను ఆ క్వారీలోనే పనిచేశాడని, అంత జీతం తీసుకున్నాడని చూపించాలి. సర్దార్ చేతికిచ్చిన నోట్లకు రసీదు ఉండదు.

మనిషి చనిపోయిన చోటును ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా కదపకూడదని 1952 చట్టం 23వ సెక్షన్ చెప్పేది. దాని కిందే ఇంకో మాట కూడా ఉండేది: 72 గంటల్లో ఆయన రాకపోతే పని మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.