"మనకేటి మేడమ్ ఈ యుద్ధాల గొడవ?" అన్న ప్రశ్న వెనకున్న కథ

రిటైరవడానికి కొద్ది నెలల ముందు సంగతి. శ్రీకాకుళంలో నైట్ డ్యూటీ. రెండు దాటాక క్యాజువాలిటీ కాస్త నెమ్మదించింది. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు ఫోన్‌లో వార్తలు చూస్తోంది. గాజాలో ఏదో ఆసుపత్రి, పేషెంట్లను నేల మీదే పడుకోబెట్టి సెలైన్ ఎక్కిస్తున్నారు. అక్కడి డాక్టరొకాయన మైకు ముందు ఏడుస్తూ మాట్లాడుతున్నాడు. ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసి, "మనకేటి మేడమ్ ఈ యుద్ధాల గొడవ? వచ్చినోళ్లకి వైద్యం చేయాలి గానీ ఎవలు కొట్టారో, ఎందుకు కొట్టారో మనం మాటాడకూడదు కదా" అంది. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇది ఆ పిల్లకి ఒక్కదానికే వచ్చిన సందేహం కాదు, నూట యాభై ఏళ్ల పైబడి డాక్టర్లూ నర్సులూ దీని మీద కొట్లాడుకుంటూనే ఉన్నారు.

మన వైపు యుద్ధం అంటే బొబ్బిలి యుద్ధమే. 1757 జనవరిలో జరిగింది, ఇప్పటికీ బుర్రకథగా చెప్పుకుంటాం. చిన్నప్పుడు నేను విన్న కథల్లో కోట, ఫిరంగులు, పౌరుషం అన్నీ ఉండేవి గానీ, గాయపడ్డవాళ్లని ఎవరు మోసుకెళ్లారో, ఎవరు కట్టు కట్టారో ఎవరూ చెప్పలేదు. ఇంకో వందేళ్ల దాకా ప్రపంచంలో ఎక్కడైనా యుద్ధం కథ దాదాపు ఇలాగే ఉండేది.

అది మారింది 1859 జూన్ 24న. ఉత్తర ఇటలీలో సోల్ఫెరినో దగ్గర ఒకే ఒక్క రోజు యుద్ధంలో దాదాపు 40 వేల మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. హెన్రీ డ్యునాంట్ అనే స్విస్ వ్యాపారి తన పని మీద అటు వెళ్లి, ఆ గాయపడ్డవాళ్లని చూసి ఆగిపోయాడు. డాక్టరు కాదు, ఏమీ కాదు. పక్క ఊరి ఆడవాళ్లని పోగేసి, "అందరూ అన్నదమ్ములే" అంటూ ఏ దేశం సైనికుడైనా సరే నీళ్లు పట్టి కట్లు కట్టారు. తర్వాత ఆయన రాసిన పుస్తకం వల్లే 1863లో రెడ్‌క్రాస్ కమిటీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చాయి. ఆ ఒప్పందంలో బయటికి కనపడని బేరం ఒకటి ఉంది: మీరు ఎవరి పక్షమూ పట్టకుండా వైద్యం చేసుకోండి, మేం మీ మీద కాల్పులు జరపం. ఆ పిల్ల అన్న "మనం మాటాడకూడదు కదా" పుట్టింది ఇక్కడే. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం, ఎందుకంటే ఆ బేరం వల్ల బతికిన ప్రాణాలకి లెక్కే లేదు.

కానీ సోల్ఫెరినోకి ఐదేళ్ల ముందే ఇంకొకావిడ వేరే దారి చూపించింది. ఆవిడ మా వృత్తి మనిషే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. నైటింగేల్ అనగానే చేతిలో దీపం గుర్తొస్తుంది, మే 12న ఫోటోకి దండేసి స్వీట్లు పంచుతాం. ఆవిడ అసలు పని దీపం కాదు, లెక్క. 1854 నవంబరులో క్రిమియా యుద్ధమప్పుడు 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లి చూస్తే, తూటాలు తగిలి చచ్చేవాళ్ల కంటే విరేచనాలు, కలరా, టైఫస్‌తో చచ్చేవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ, అదీ ఆసుపత్రిలో చేరాక. ఆవిడ ఇంగ్లండు తిరిగొచ్చి ఊరుకోలేదు. నెలనెలా చావులు లెక్కగట్టి, పువ్వు రేకుల్లా రంగుల పటం గీసి, 1858లో ప్రభుత్వం ముందు పెట్టింది: మీ సైనికుల్ని శత్రువు కంటే మీ ఆసుపత్రుల మురికే ఎక్కువ చంపింది అని. ఆ దేశపు గణాంక సంఘంలో చేరిన మొదటి మహిళ ఆవిడే. యుద్ధం మంచిదా చెడ్డదా అని ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. వార్డులో చూసింది లెక్కపెట్టి, ఆ లెక్క దాచకుండా బయటపెట్టింది. మా ట్రైనింగులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకు నలభై దాటాక తెలిసింది, తెలిశాక చాలా రోజులు బాధగా అనిపించింది.

మాట్లాడకపోతే ఏమవుతుందో రెండో ప్రపంచయుద్ధం చూపించింది. నాజీలు యూదుల్ని తరలించి చంపుతున్న సంగతి రెడ్‌క్రాస్ పెద్దలకి అందింది. బహిరంగంగా ఒక ప్రకటన ఇద్దామా అని 1942 అక్టోబరు 14న జెనీవాలో కూర్చుని చర్చించి, చివరికి వద్దనుకున్నారు. నోరు విప్పితే యుద్ధఖైదీల శిబిరాల్లోకి తమని రానివ్వరేమోనని ఒక భయం, స్విస్ ప్రభుత్వానికి ఇబ్బందని ఇంకో లెక్క. తర్వాత ఆ సంస్థే దాన్ని తన చరిత్రలో పెద్ద వైఫల్యమని ఒప్పుకుంది. అటు జర్మనీలో మౌనాన్ని దాటి డాక్టర్లే చేతులు కలిపారు. 1946లో నూరెంబర్గ్‌లో మొదలైన వైద్యుల విచారణలో 23 మంది నిందితులుంటే 20 మంది డాక్టర్లే. ఆ సిగ్గులోంచే 1947లో ప్రపంచ వైద్య సంఘం, 1948లో జెనీవా ప్రతిజ్ఞ పుట్టాయి. ఎవరు బెదిరించినా నా వైద్య జ్ఞానాన్ని మానవత్వానికి వ్యతిరేకంగా వాడను అన్న మాట అందులోదే.

1967 నుంచి 1970 దాకా నైజీరియాలో బియాఫ్రా యుద్ధం. రెడ్‌క్రాస్ తరఫున వెళ్లిన ఫ్రెంచి డాక్టర్లు ఆకలితో పిల్లలు ఎముకలైపోవడం కళ్లారా చూశారు. చూసింది బయట చెప్పబోమని సంస్థకి మాటిచ్చి వెళ్లినవాళ్లు, కొందరు ఉండబట్టలేక ఆ మాట తప్పారు. బెర్నార్డ్ కుష్నర్ వాళ్లలో ఒకడు. వాళ్లూ కొందరు విలేఖరులూ కలిసి 1971లో ఎంఎస్ఎఫ్, అంటే 'సరిహద్దుల్లేని డాక్టర్లు' అనే సంస్థ పెట్టారు. వైద్యం చేస్తాం, చూసింది చెప్తాం, రెండూ మా పనే అన్నారు. దానికి మూల్యం కూడా చెల్లించారు. 1985లో ఇథియోపియా ప్రభుత్వం కరువు సాయాన్ని ఎరగా చూపి జనాన్ని బలవంతంగా దక్షిణానికి తరలిస్తోందని చెప్పినందుకు ఆ సంస్థ ఫ్రెంచి విభాగాన్ని దేశం నుంచి గెంటేశారు. నోరు మూసుకున్న సంస్థలు ఉండిపోయాయి, వైద్యం చేసుకున్నాయి. ఎవరు చేసింది సరైన పని? వార్డు వదిలి వెళ్లడమంటే ఏమిటో తెలిసినదాన్ని కాబట్టి దీనికి టక్కున జవాబు చెప్పలేను. 1994లో రువాండాలో అదే సంస్థ, నరమేధాన్ని డాక్టర్లతో ఆపలేరు అని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. 1999లో దానికి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

అణుబాంబుల సంగతి వేరే. అక్కడ నోరు విప్పినవాళ్లు చాలావరకు గెలిచారు. 1958 నుంచి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్లూ శాస్త్రవేత్తలూ తల్లుల దగ్గర్నుంచి పిల్లల ఊడిన పాలపళ్లు పోగేశారు, లక్షల్లో. బాంబు పరీక్షల వల్ల గాల్లోకి చేరిన స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థం, గడ్డిలోకీ ఆవుపాలలోకీ వచ్చి పిల్లల పళ్లలో తేలింది. మనం పన్నూడితే ఇంటి కప్పు మీదకి విసిరేస్తాం, వాళ్లు కవర్లో పెట్టి పంపారు! 1963లో గాల్లో, అంతరిక్షంలో, నీళ్లలో పరీక్షలు ఆపే ఒప్పందం రావడానికి ఆ పళ్లు కూడా ఒక కారణం. తర్వాత అమెరికా గుండె డాక్టర్ బెర్నార్డ్ లౌన్, సోవియట్ గుండె డాక్టర్ ఎవ్‌గెనీ చజోవ్ కలిసి 1980లో పెట్టిన వైద్యుల సంఘానికి 1985లో శాంతి నోబెల్ వచ్చింది. మన దేశంలోనూ దానికి అనుబంధ సంఘం ఉంది.

ఇక మన ఇంటి సంగతి. 1938లో కాంగ్రెస్ చైనాకి పంపిన ఐదుగురు డాక్టర్లలో కోట్నిస్ అక్కడే పనిచేస్తూ 1942లో చనిపోయాడు, ఆ కథ స్కూల్లో చదివాం. దగ్గరి కథలు మాత్రం ఎవరూ చదివించరు. 1960ల చివర శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన పోరాటం రగిలినప్పుడు చాగంటి భాస్కరరావు లాంటి డాక్టర్లు అందులోకే వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది పక్షం పట్టడం, నేను చెప్తున్నది అది కాదు. వరంగల్‌లో పిల్లల డాక్టర్ రామనాథంది వేరే దారి. ఆయన తుపాకీ పట్టలేదు. పౌరహక్కుల సంఘంలో ఉండి ఎన్‌కౌంటర్ల గురించీ లాకప్ చావుల గురించీ మాట్లాడేవారు. 1985 సెప్టెంబరు 3న ఒక ఎస్సై అంతిమయాత్ర ఆ దారిన వెళ్తుండగా ఆయన్ని క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో పిల్లల డాక్టర్ బినాయక్ సేన్‌ని 2007లో అరెస్టు చేసి, 2010 డిసెంబరులో రాజద్రోహం కింద యావజ్జీవం వేశారు. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. 1990ల్లో ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో ఉండగా, ఒక రాత్రి ఇరవై ఏళ్లు కూడా లేని గిరిజన కుర్రాణ్ని తీసుకొచ్చారు. అరికాళ్లు నల్లగా వాచిపోయాయి. జారి పడ్డాడని రాయమన్నారు. డాక్టరు గారు రాశారు, నేను పక్కనే నిలబడి దూది అందించాను. ఇంకోసారి, ఇన్‌ఫార్మరని అడవిలోవాళ్లు కొట్టి పడేసిన మనిషిని భార్య ఎడ్లబండి మీద తెచ్చింది. అదీ రిజిస్టర్‌లో 'గొడవలో తగిలిన దెబ్బలు' అని మాత్రమే ఎక్కింది. రెండు వైపులా భయమే. ఆ రెండు కేసుల్లోనూ నేను చూసింది ఒకటి, కాగితం మీదున్నది ఇంకొకటి. ముప్పై ఏళ్లయినా ఆ అరికాళ్లు నాకు కనపడుతూనే ఉంటాయి.

మనల్ని ఆపే రూలు లేదా అంటే ఉంది. ప్రభుత్వ ఉద్యోగులు ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమాలు చెప్తాయి. కరోనా రోజుల్లో మాస్కులు లేవన్నందుకే అప్పటి విశాఖ జిల్లాలో ఒక ప్రభుత్వ డాక్టరుని సస్పెండ్ చేశారు, ఇక యుద్ధం గురించి మాట్లాడే ధైర్యం ఎవరికొస్తుంది? అయితే 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఇంకో మాట కూడా ఉంది: డాక్టరు చిత్రహింసకి సాయపడకూడదు, దాన్ని కప్పిపుచ్చకూడదు. చాలామంది మొదటి రూలే గుర్తుపెట్టుకున్నారు.

మాట్లాడేటప్పుడు జాగ్రత్త కూడా కావాలి. ఇరాక్ యుద్ధంలో అదనంగా దాదాపు 6.5 లక్షల మంది చనిపోయారని 2006లో పేరున్న వైద్య పత్రిక ఒకటి అచ్చేసింది. మిగతా లెక్కల్లో ఎక్కువభాగం దానికంటే చాలా తక్కువ. సర్వే కాగితాల్లో జనం పేర్లు రాసుకున్నందుకు ఆ పరిశోధకుడి మీద ఆయన యూనివర్సిటీయే చర్య తీసుకుంది. అప్పట్నుంచి ఆ యుద్ధంలో చావుల గురించి కంటే ఆ లెక్క గురించే ఎక్కువ వాదించుకున్నారు. లెక్కలో లోపం దొరికితే చచ్చినవాళ్ల మాట మళ్లీ ఎవరూ వినరు.

దూరపు గొడవ అనుకుంటాం గానీ దూరమేమీ కాదు. 2022లో ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన వేలాది ఎంబీబీఎస్ పిల్లల్లో మన ఉత్తరాంధ్ర పిల్లలూ ఉన్నారు. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకి వెళ్లి పాకిస్తాన్‌కి పట్టుబడిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆసుపత్రులనైతే వదిలిపెట్టడమే లేదు. 2015 అక్టోబరులో అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో ఎంఎస్ఎఫ్ ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేస్తే 42 మంది పోయారు. ఆసుపత్రుల మీద దాడులు ఆపమని భద్రతా మండలి 2016 మేలో తీర్మానం చేసింది, ఆ తర్వాతా దాడులు ఆగలేదు. 2024 నవంబరులో మాస్కోలో 68 ఏళ్ల పిల్లల డాక్టరమ్మకి ఐదున్నరేళ్ల జైలు వేశారు. పేషెంటు తల్లితో యుద్ధం గురించి ఏదో అందని ఫిర్యాదు, అలా అనలేదని ఆవిడ చెప్పినా వినలేదు.

ఆ నైట్ డ్యూటీ అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. కొట్లాట కేసొకటి వచ్చిందట, వెంట వచ్చినవాళ్లు ఎమ్మెల్సీ (పోలీసులకి తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) చెయ్యొద్దు, పడిపోయాడని రాసేయండి అని పట్టుబట్టారట. "ఏటి చేశావమ్మా?" అన్నాను. డ్యూటీ డాక్టరుని లేపి రిజిస్టర్ తెరిపించిందట. వీపు మీద గాయాలు మూడు, ఒక్కోటీ ఎంత పొడవో కొలిపించి రాయించిందట.