అశ్వత్థామ మీద కథ రాస్తున్నారా? ముందు శాపం లెక్క చూసుకోండి

బెంగళూరులో గేములకీ వెబ్ కామిక్స్‌కీ కథలు రాసే మన తెలుగు పిల్లల క్యారెక్టర్ షీట్లలో అశ్వత్థామ తరచూ కనబడతాడు. బ్యాక్‌స్టోరీ మొదటి వాక్యం కూడా దాదాపు ఒకటే: ‘కలియుగాంతం దాకా తిరగమని కృష్ణుడు శపించాడు.’ పది ఎపిసోడ్లు దాని మీదే కట్టేశాక ఎవరో ఆధారం అడుగుతారు. టైమ్‌లైన్ మొత్తం కూలుతుంది.

మహాభారతం సౌప్తిక పర్వంలో శాపం 3,000 ఏళ్లు. చీమూ నెత్తురూ కంపుతో, పలకరించే మనిషి లేక అడవుల్లో తిరగమని. సంప్రదాయ లెక్కలో కలి మొదలైంది క్రీ.పూ. 3102లో, యుద్ధం జరిగింది అంతకు 36 ఏళ్ల ముందు. అంటే క్రీ.పూ. 138 ప్రాంతానికే గడువు తీరిపోయింది! మీ హీరో ఇవాళ మెజెస్టిక్ బస్టాండులో దిగాలంటే శాపం చాలదు. ఏడుగురు చిరంజీవుల శ్లోకం పట్టుకోండి. ఇంకా గట్టిది కావాలంటే భాగవతం అష్టమ స్కంధం: రాబోయే సావర్ణి మన్వంతరంలో, అంటే తర్వాతి మనువు కాలంలో, అతను సప్తర్షుల్లో ఒకడు. పసికందుల్ని చంపబోయినవాడు ఋషి ఎలా అవుతాడన్న ప్రశ్నతోనే ఒక సీజన్ నడపొచ్చు.

శాపానికి కారణం కూడా తప్పు రాస్తారు. ఉపపాండవుల్ని, అంటే ద్రౌపది ఐదుగురు కొడుకుల్ని, చంపిన రాత్రి ఎవరూ శపించలేదు. ఆ తర్వాత అశ్వత్థామ గడ్డిపరకను బ్రహ్మశిరోస్త్రంగా, అంటే లోకాన్నే కాల్చే అస్త్రంగా, వదిలాడు, అర్జునుడూ వదిలాడు, వ్యాస నారదులు మధ్యలో నిలబడ్డారు. అర్జునుడు వెనక్కి తీసుకున్నాడు, ఇతని వల్ల కాలేదు. పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. శాపం దానికి. కట్‌సీన్ ఈ వరసలోనే ఉండాలి.

అతనికి పుట్టుకతో వచ్చిన మణి దగ్గర చాలామంది కంగారుపడతారు, ‘అమ్మమ్మ చెప్పింది వేరుగా ఉందే’ అని. అమ్మమ్మ తప్పు చెప్పలేదు, ఆవిడది భాగవత కథ. అందులో అర్జునుడు కట్టి తెస్తాడు, ద్రౌపది విడిచిపెట్టమంటుంది, జుట్టుతో సహా మణిని కోసేస్తారు. భారతంలో తనే ఇచ్చేస్తాడు, అది చివరికి ధర్మరాజు తలకెక్కుతుంది. రెండింట్లో ఏదో ఒకటే తీసుకోండి. కలిపితే వస్తుంది, శతాబ్దాలుగా నుదుటి నుంచి నెత్తురు కారే ఆ అరిగిపోయిన డిజైన్. జుట్టుతో కోశారంటే మణి ఉన్నది నెత్తి మీద. బొట్టు పెట్టే చోట గీయకండి.

‘అశ్వత్థం’ అంటే రావి చెట్టు కదా అని కవచం మీద రావి ఆకు వేసే ఆర్టిస్టులకు ఒక మాట: ఆదిపర్వంలో పుట్టగానే ఇంద్రుడి గుర్రం ఉచ్చైశ్రవంలా సకిలించాడు, ఆకాశవాణి ఆ పేరు పెట్టింది. గుర్రం వేయండి.

ద్రోణుడితో ‘అశ్వత్థామ చచ్చాడు’ అన్నాక ధర్మరాజు చేర్చిన ‘కుంజరః’ (ఏనుగు) దగ్గర కృష్ణుడు శంఖం ఊదడం వ్యాసుడిలో లేదు, ధర్మరాజే గొణిగాడు. మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ దగ్గర అసీర్‌గఢ్ కోట శివాలయానికి అశ్వత్థామ రోజూ వస్తాడన్న వాట్సాప్ ఫార్వర్డులు అక్కడి జనశ్రుతి. కథలో వాడుకోండి, షీట్లో మాత్రం ‘జనశ్రుతి’ అనే రాయండి.