స్కూల్ ఇచ్చిన ల్యాప్‌టాప్: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. ఏటా జూన్‌లో ఆరో తరగతి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, వాడకం నేర్పడం నా పనే. ఇక్కడ తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి తల్లిదండ్రుల సందేహాలు ఎక్కువగా తెలుగులోనే వింటుంటాను.

అపోహ: ముందు ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాకే వాడాలి.
వాస్తవం: అది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. ఇప్పుడు వచ్చేవి లిథియం అయాన్ బ్యాటరీలు, వెంటనే వాడుకోవచ్చు. పరుపు మీద, దుప్పటి మీద మాత్రం పెట్టకండి. గాలి ఆడక వేడెక్కితే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది.

అపోహ: మొదటి రోజే ఇంత స్లోగా ఉందంటే పాత మాల్ ఇచ్చారు.
వాస్తవం: మొదటి లాగిన్‌లో స్కూల్ అకౌంట్‌తో జత కావాలి, యాప్‌లు, అప్‌డేట్‌లు దిగాలి. టెన్షన్ పడి మధ్యలో పవర్ బటన్ నొక్కేస్తే పని ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఏదైనా ఇరుక్కుంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే చాలు.
వాస్తవం: 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన లోపలి స్థితిని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెస్తుంది. దాంతోపాటు తంటా కూడా తిరిగి రావచ్చు. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మందు.

అపోహ: స్కూల్‌వాళ్లు కెమెరాలోంచి ఇంట్లోకి చూస్తారు.
వాస్తవం: ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్, పోయిన ల్యాప్‌టాప్‌లు వెతకడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్‌తో పిల్లలు ఇంట్లో ఉండగా ఫొటోలు తీసింది. 2010లో కేసు పడింది, అదే ఏడాది 6,10,000 డాలర్లకు రాజీ కుదిరింది. మా దగ్గర మేం చూసేది అప్‌డేట్‌లు, యాప్‌లు, స్కూల్ అకౌంట్‌లో తెరిచిన సైట్‌లు. మీ స్కూల్ ఏం చూస్తుందో రాతపూర్వకంగా అడగండి. అది మీ హక్కు.

అపోహ: పాడవుతుంది, బీరువాలో పెట్టడమే మేలు.
వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒక ఏడాది ఆగస్టులో ఒక పాప ల్యాప్‌టాప్ తెస్తే మూత మీద ప్లాస్టిక్ కవరు కూడా ఊడలేదు. క్లాసులో అందరూ ఫైలు సేవ్ చేస్తుంటే, కర్సర్ ఎక్కడుందో తెలియక ఆ పాప కళ్లలో నీళ్లు. వాళ్లమ్మగారిని పిలిస్తే, "ఏమన్నా అయితే డబ్బు కట్టమంటారేమోనని భయం సార్" అన్నారు. పిల్లల అకౌంట్‌కి అడ్మిన్ హక్కులు, అంటే ముఖ్యమైన సెట్టింగ్‌లు మార్చే అధికారం, ఉండవమ్మా, తను ఏది నొక్కినా మేం మళ్లీ సరిచేయగలం అని కూర్చోబెట్టి చూపించాను. జాగ్రత్తపడాల్సింది నీళ్లు, కిందపడటం గురించి. నీళ్లు పడితే వెంటనే ఆఫ్ చేసి, చార్జర్ తీసి మా దగ్గరికి తెండి. బియ్యంలో పెట్టొద్దు, ఆన్ చేసి చూడొద్దు.

ఆ రోజు నుంచి రోజూ 20 నిమిషాలు పాప చేతికివ్వమన్నాను. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. దాన్ని ఆన్ చేసి ఇచ్చాను. మరుసటి వారం ల్యాబ్‌కి వచ్చి, మదనపల్లెలో ఉన్న అమ్మమ్మకు తెలుగులో టైప్ చేసిన నాలుగు లైన్ల ఉత్తరం చూపించింది.