కళ్ల కంటే ముందు చెవులు

2016 డిసెంబరు 5న జరిగిన బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో ఇండియానా పేసర్స్ జట్టుపై గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ 29 నిమిషాల్లో 60 పాయింట్లు సాధించాడు. ఆ మొత్తం ఆటలో అతడు బంతిని నేలకు కొట్టి ఆడించింది 11 సార్లే. సహచరుల శరీరాలను చాటుగా చేసుకుని, తనను కాపు కాస్తున్న ఆటగాణ్ని ముందే వదిలించుకుని, బంతి అందిన మరుక్షణం షాట్ వేయడం అతని పద్ధతి. బంతికి దూరంగా పెట్టే ఈ అడ్డునే ఆఫ్‌బాల్ స్క్రీన్ అంటారు.

దీన్ని ఎదుర్కోవడంలో తొలి ఇబ్బంది కంటితోనే వస్తుంది. మన చూపులో నిజంగా స్పష్టంగా ఉండే భాగం, చేయి చాచినప్పుడు కనిపించే బొటనవేలి వెడల్పుకు మించదు. కాపు కాసే ఆటగాడు, అంటే డిఫెండర్, తన షూటర్‌నూ బంతినీ గమనిస్తూ ఉండగా, స్క్రీన్ పెట్టేవాడు వెనక నుంచి వస్తాడు. కంటితో చూసి కదలడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది; సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తే షూటర్ ఆలోపే ఒక మీటరు దాటిపోతాడు. శబ్దానికి శరీరం ఇంకొంచెం తొందరగా, సుమారు 0.15 సెకన్లలో స్పందిస్తుంది. అయితే ఆ కాస్త తేడా కంటే పెద్ద లాభం మరొకటి ఉంది: స్క్రీన్ పెట్టేవాణ్ని కాపు కాసే సహచరుడికి ఆ రాక ఎదురుగా కనిపిస్తుంది కనుక, అతడు "ఎడమ, ఎడమ" అని అరిస్తే డిఫెండర్‌కు ఒకటి రెండు అడుగుల ముందే కబురు అందుతుంది. మౌనంగా ఆడే జట్టు ఎంత వేగంగా పరుగెత్తినా ఈ నష్టం పూడదని నా నమ్మకం.

కబురు అందాక పాదాల పని మొదలవుతుంది. డిఫెండర్ షూటర్ నడుముకు అంటుకున్నంత దగ్గరగా జరిగి, ఒంటిని పక్కకు తిప్పి, ముందు పాదాన్ని స్క్రీన్ పెట్టినవాడి పాదం దాటించి, ఆ సందులోంచి భుజాన్ని దూరుస్తాడు. స్క్రీన్ వెనక నుంచి వెళితే దారి తగ్గుతుంది కానీ, అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బుట్టకు ఎదురుగా 7.24 మీటర్ల దూరంలో ఉండే మూడు పాయింట్ల గీత దగ్గర థాంప్సన్ లాంటివాడికి అంత ఖాళీ వదలడం ప్రమాదం. కాపు కాసే మనుషులను మార్చుకోవడం సులువే, అయితే పొట్టివాడు పొడవువాడి ఎదుట చిక్కుకుంటాడు.

అందుకే వెంటపడటమే మేలనిపిస్తుంది. షూటర్ స్క్రీన్ చుట్టూ బుట్ట వైపు వంపు తిరిగితే, స్క్రీన్ పెట్టినవాణ్ని కాపు కాసే సహచరుడు ఒక్క అడుగు బయటికి వేసి దారిలో నిలబడతాడు. షూటర్ ఇంకా వెడల్పుగా తిరగాల్సి వస్తుంది, ఆ అదనపు అడుగులోనే వెనక వస్తున్న డిఫెండర్ చేయి బంతి ముందుకు చేరుతుంది.