డిగ్రీ లేని డీన్, డాక్టరేట్ల గొడవ

జర్నలిజం పాఠం ఎవరు చెప్పాలి? ఇరవై ఏళ్లు డెస్క్‌లో వార్తలు దిద్దిన సబ్ ఎడిటరా, పీహెచ్‌డీ చేసిన పరిశోధకుడా? యూనివర్సిటీ పోస్టులకు నోటిఫికేషన్ పడినప్పుడల్లా లేచే ఈ పేచీ వందేళ్ల కిందటిది. దాని వేరు అమెరికాలోని మిస్సోరీలో ఉంది.

వాల్టర్ విలియమ్స్ 1864లో అక్కడి బూన్‌విల్‌లో పుట్టారు. కాలేజీ గడప తొక్కలేదు. చిన్నప్పుడే ప్రెస్సులో చేరి, పని నేర్చుకుంటూ కొలంబియా హెరాల్డ్ పత్రికకు ఎడిటర్ అయ్యారు. డాక్టర్లకు, లాయర్లకు ఉన్నట్టే విలేఖరులకూ యూనివర్సిటీ చదువు ఉండాలని పట్టుబట్టింది మాత్రం ఆయనే. జర్నలిజం పత్రికాఫీసులో వస్తుంది గానీ క్లాసులో వస్తుందా అని తోటి ఎడిటర్లు చాలామంది పెదవి విరిచారు. చివరికి 1908 సెప్టెంబర్ 14న మిస్సోరీ యూనివర్సిటీలో జర్నలిజం స్కూల్ తెరిచారు. డీన్ విలియమ్సే. తరగతులు మొదలైన రోజే విద్యార్థులు యూనివర్సిటీ మిస్సోరియన్ అనే పత్రిక తెచ్చేశారు. ప్రపంచంలో మొదటి స్కూల్ తమదేనని మిస్సోరీ వాళ్లు అంటారు. పారిస్‌లో 1899లోనే ఒకటి పెట్టారు కాబట్టి ఆ మాటను కాస్త తగ్గించి వినాలి.

1931లో విలియమ్స్ ఆ యూనివర్సిటీకే అధ్యక్షుడయ్యారు. మన లెక్కలో వైస్ చాన్సలర్ అన్నమాట. 1934లో, ఆయన ఆ కుర్చీలో ఉండగానే, ఆ స్కూల్ జర్నలిజంలో మొదటి పీహెచ్‌డీ ఇచ్చింది. డిగ్రీ లేని మనిషి పెట్టిన బడి డాక్టరేట్లు ఇవ్వడం మొదలుపెట్టింది! మరుసటేడు ఆయన పోయారు.

ఆ తర్వాత కాలం పరిశోధకులదే. విల్బర్ ష్రామ్ చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. 1943లో అయోవా జర్నలిజం స్కూల్‌కు డైరెక్టరై, 1947లో ఇల్లినాయ్ వెళ్లి కమ్యూనికేషన్ పరిశోధన సంస్థ నెలకొల్పారు. సర్వేలు, స్టాటిస్టిక్స్ సిలబస్‌లోకి వచ్చాయి. పాత ఎడిటర్లను ఆకుపచ్చ టోపీల (వెలుతురు కళ్లలో పడకుండా డెస్క్‌లో పెట్టుకునేవి) వాళ్లని, కొత్తవాళ్లను కై స్క్వేర్ (స్టాటిస్టిక్స్‌లో ఒక పరీక్ష) వాళ్లని వెక్కిరించుకునే దాకా గొడవ వెళ్లింది.

మన దేశానికి ఈ రెండు గాలులూ వచ్చాయి. మిస్సోరీలో చదివిన పీ.పీ. సింగ్ 1941లో లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో జర్నలిజం డిపార్ట్‌మెంట్ పెట్టారు. ఉస్మానియాలో 1954లో మొదలైనదాన్ని నడిపింది డి ఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికన్ ప్రొఫెసర్. ష్రామ్ ఉన్న ఫోర్డ్ ఫౌండేషన్ బృందం సిఫారసుతో 1965లో ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) వచ్చింది.

ఇప్పుడు నెట్, సెట్ లాంటి అర్హత పరీక్షో, పీహెచ్‌డీయో లేనిదే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ పోస్టుకు అప్లై చేయడమే కుదరదు. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పేరుతో పక్క తలుపు తెరిచింది. డిగ్రీ పట్టింపు లేదు, 15 ఏళ్ల అనుభవం కావాలి. అయితే మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు, నాలుగేళ్లు దాటి ఉంచకూడదు. అతిథి మర్యాదే తప్ప ఇంట్లో వాటా కాదు.

2025 జనవరిలో యూజీసీ తెచ్చిన నిబంధనల ముసాయిదా ఇంకో అడుగు వేసి, పరిశ్రమల్లో, ప్రభుత్వ పాలనలో పైస్థాయిలో పనిచేసినవాళ్లూ వీసీ కావచ్చంది. తెలంగాణ సహా కొన్ని రాష్ట్రాలు దాన్ని వ్యతిరేకించాయి. వాటి అసలు కోపం మాత్రం వీసీని వెతికే కమిటీని వేసే అధికారం గవర్నర్ చేతికి పోవడం మీద.