బండి దిగబడితే ముందు కాలు తీయండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీలో కొందరికి ఈమధ్యే లైసెన్సు వచ్చింది. మిగిలినవాళ్లు వెనక సీట్లో కూర్చుని స్టీరింగ్ ఎప్పుడు చేతికొస్తుందా అని చూస్తున్నారు. అందరూ కలిసి తారురోడ్డు వదిలి కొండదారుల్లో, ఇసుకలో, వాగుల్లో బండి తోలాలని అనుకుంటున్నారట. వద్దనడానికి రాయడం లేదు. వెళ్లాల్సిందే, బాగుంటుంది. కాకపోతే ఆ దారుల్లో చాలా ఏళ్లు తిరిగినవాణ్ని కాబట్టి ఒక సంగతి మీ చెవిన వేయాలి. దారి లేని చోట మొదట వచ్చే ఇబ్బంది ఎప్పుడూ చిన్నదే. చక్రం దిగబడుతుంది, ఎత్తు మీద ఇంజన్ ఆగిపోతుంది, రేడియేటర్ వేడెక్కుతుంది. మనుషులకు దెబ్బలు తగిలేదీ, బండి పనికిరాకుండా పోయేదీ ఆ తర్వాతి పది నిమిషాల్లో. అంటే అందులోంచి గబగబా బయటపడాలని మనం చేసే పనుల వల్ల.

దిగబడటమే తీసుకోండి. ఇసుకలో వెళ్తుండగా ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బండి బరువెక్కుతుంది, ఇంజన్ శబ్దం మారుతుంది. అప్పుడు మన ప్రమేయం లేకుండానే కాలు యాక్సిలరేటర్‌ను ఇంకాస్త నొక్కుతుంది. సరిగ్గా అప్పుడే కాలు తీసేయాలి. ఉన్నచోటే గిర్రున తిరిగే చక్రం బండిని ముందుకు నెట్టదు, కింద ఉన్న ఇసుకను తోడి వెనక్కి పోస్తుంది. కొన్ని సెకన్లు అలా తిరిగితే చాలు, ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ నేలకు ఆనుతుంది. బరువు చక్రాల మీది నుంచి బండి పొట్ట మీదికి వచ్చేస్తుంది. ఇక ఎంత రేజ్ చేసినా పెట్రోలు దండగ.

దిగి, మోకాళ్ల మీద వంగి కిందికి చూడండి. పొట్ట ఇంకా నేలకు తగలకపోతే సగం గండం గడిచినట్టే. పారతో చక్రాలకు ముందూ వెనకా ఇసుకను వాలుగా తీయండి. డిఫరెన్షియల్ కింద ఆనిందేమైనా ఉంటే అదీ తీసేయండి. తర్వాత టైర్లలో గాలి తగ్గించి, వచ్చిన జాడలోనే మెల్లగా రివర్స్‌లో వెనక్కి రండి. ఆ జాడ మీ బండి బరువుకు అప్పటికే అణిగి ఉంటుంది. ముందున్న నేల ఎలాంటిదో ఎవరికీ తెలియదు.

గాలి తగ్గించడమంటే కొత్తవాళ్లకు భయం. రోడ్డు మీద 30 నుంచి 35 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) ఉండే టైరును మెత్తటి ఇసుకలో 18, అవసరమైతే 15 దాకా దించుతారు. అప్పుడు టైరు ఒంటె పాదంలా పరుచుకుంటుంది, నేలను తాకే భాగం పొడవు పెరుగుతుంది, బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది. అంతకంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. గాలి తక్కువగా ఉన్నంతసేపూ స్టీరింగ్‌ను విసురుగా తిప్పకండి. గాలి తీయడం ఎవరికైనా వచ్చు. తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసరూ, కొలవడానికి గేజీ వెంట లేకపోతే మాత్రం తీయొద్దు. మెత్తటి టైర్లతోనే తారురోడ్డెక్కి వేగం పెంచితే వాటి పక్కగోడలు అదేపనిగా వంగుతూ లేస్తూ వేడెక్కి పగిలిపోతాయి.

ఇక ఈ ఉత్తరంలో దేన్ని మరిచిపోయినా ఫర్వాలేదు గానీ దీన్ని మరవొద్దు. ఇంకో బండితో లాగించుకోవడం ఈ సరదా మొత్తంలో అన్నిటికంటే ప్రమాదమైన పని. లాగేటప్పుడు సాగి, వెనక్కి ముడుచుకుంటూ దిగబడిన బండిని పైకి తీసే పట్టాలు (రికవరీ స్ట్రాప్‌లు) ఉంటాయి. అలా సాగిన పట్టాలో ఎంతో శక్తి నిలవ ఉంటుంది. కొక్కెం ఊడినా, కట్టిన చోటు విరిగినా ఆ ఇనుప ముక్క తుపాకీ గుండుతో సమానం, అద్దం పగలగొట్టుకుని లోపలికి వస్తుంది. ట్రైలర్ తగిలించడానికి బండి వెనక గుండ్రంగా ఒక బంతి ఉంటుంది చూశారా, దానికి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు. అది ట్రైలర్ బరువును నిదానంగా మోయడానికే తప్ప జర్కులకు తట్టుకోదు. అది విరిగి ఎగిరొచ్చి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. ఆస్ట్రేలియాలో ఈ పట్టాలు అమ్మాలంటే వాటి మీద హెచ్చరికలు ఉండి తీరాలని చట్టమే ఉంది. బండి ఛాసిస్‌కు కంపెనీవాళ్లు ఇచ్చిన రికవరీ పాయింట్, అంటే పట్టా కట్టాల్సిన చోటు, ఎక్కడుందో ఇంట్లో ఉండగానే చూసుకోండి. పట్టా మధ్యలో బరువైన దుప్పటో తడి గోనెసంచో వేయండి, తెగితే ఎగిరొచ్చే విసురు కొంత తగ్గుతుంది. చూసేవాళ్లంతా పట్టా పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా, పక్కకు నిలబడాలి, లాగే గీతలో కాదు. ఫోన్‌లో వీడియో తీసేవాళ్లే సరిగ్గా ఆ గీతలోకి వచ్చి నిలబడతారు, ఎందుకో మరి. వాళ్లు కదిలేదాకా లాగడం మొదలుపెట్టకండి, మొహమాటపడకండి.

ఎత్తుపల్లాల దగ్గర సూత్రం సులువే: నిటారుగా ఎక్కాలి, నిటారుగా దిగాలి. దిగేటప్పుడు లో రేంజ్‌లో (ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరుస) ఫస్ట్ గేరు వేసి, బండి వేగాన్ని ఇంజన్‌కే వదిలేయండి. క్లచ్ తొక్కితే ఆ పట్టు పోతుంది, బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పనిచేయడం మానేస్తుంది. ఎక్కుతూ సగంలో ఇంజన్ ఆగిపోతే బండిని అక్కడే తిప్పుదామన్న ఆలోచనే రానివ్వకండి. అడ్డంగా తిరిగిన బండి పొర్లుకుంటూ కిందికి పోతుంది. బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. ఇంజన్ ఆగాక బ్రేకుకు అందే సాయం రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిపోతుంది, కాబట్టి పదేపదే కొట్టకండి. హ్యాండ్‌బ్రేకు వేసి, రివర్స్ గేరులోకి మార్చి, ఇంజన్ స్టార్ట్ చేసి, వచ్చిన దారినే వెనక్కి దిగండి. తప్పనిసరై ఏటవాలు మీద అడ్డంగా వెళ్తున్నప్పుడు ఒక పక్కకు వాలిపోతున్నట్టు అనిపిస్తే స్టీరింగ్‌ను పల్లం వైపు తిప్పండి. మనసు ఎత్తు వైపు తిప్పమంటుంది, వినకండి.

సీటు బెల్టు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బండి వాలుతుంటే చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి ఆపబోయేవాళ్లు ఉంటారు, దాని మీదే బండి పడుతుంది. స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి చుట్టకుండా అంచు మీదే పైకి ఉంచండి. ముందు టైరు రాయికి తగిలితే స్టీరింగ్ ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. అప్పుడు లోపలి కమ్మీ బొటనవేలును విరిచేయగలదు.

నీళ్ల దగ్గర ధైర్యం పనికిరాదు. పారే నీళ్లు 30 సెంటీమీటర్ల లోతుంటే చిన్న కార్లు తేలిపోవచ్చు. 60 ఉంటే చాలావరకు పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. నడిచి దాటలేని వాగును బండితో దాటొద్దు, అంతే. నిలిచిన నీళ్లయితే కర్రతో లోతు చూసి, మీ బండి ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం ఎంత ఎత్తులో ఉందో తెలుసుకుని, తక్కువ గేరులో ఒకే వేగంతో వెళ్లండి. మధ్యలో ఇంజన్ ఆగిపోయిందనుకోండి, మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లలోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ వాటిని గాలిని నొక్కినట్టు నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆగిన బండిని బయటికి లాగి ఆరబెట్టి, మెకానిక్‌కు చూపించి బాగుచేసుకోవచ్చు. మళ్లీ స్టార్ట్ చేయబోయిన బండికి కొత్త ఇంజన్ కావాల్సి రావచ్చు. గట్టెక్కాక బ్రేకు నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి ఆరనివ్వండి.

ఇంజన్ వేడెక్కితే ఆపి, బానెట్ తెరిచి, చల్లబడేదాకా ఓపిక పట్టండి. రేడియేటర్ ముందు బురదో గడ్డో అడ్డంపడి ఉంటుంది, తీసేయండి. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు ఎగజిమ్మి ముఖం కాలుతుంది. స్టెప్నీ మార్చాల్సి వస్తే మెత్తటి నేలలో జాకీ కింద గట్టి చెక్క పెట్టండి, నట్లు చక్రం లేపకముందే వదులు చేయండి. ఒక్క జాకీ మీదే నిలబడ్డ బండి కిందికి ఎవరూ దూరొద్దు. ఎండుగడ్డిలో బండి ఆపొద్దు, సైలెన్సర్ వేడికే గడ్డి అంటుకుంటుంది.

ఇవేవీ ఫలించక నిర్మానుష్యంగా ఉన్న చోట చిక్కుకుపోయారనుకోండి. బండిని వదిలి నడవకండి. వెతికేవాళ్లకు మనిషి కంటే బండి తొందరగా కనిపిస్తుంది. నీడ ఇస్తుంది, అద్దం ఇస్తుంది, హారన్ ఇస్తుంది. దాన్ని వదిలి వెళ్లినవాళ్ల కోసం చాలాసార్లు రోజులతరబడి వెతకాల్సి వచ్చింది, బండి మాత్రం ముందే దొరికింది. ప్రమాద సంకేతంగా చాలాచోట్ల మూడు అంకెనే వాడతారు. మూడు ఈలలు, మూడు హారన్లు, మూడు మంటలు. పగటిపూట అద్దంతో ఎండను విమానాల వైపు, దూరంగా కనిపించే మనుషుల వైపు మెరిపించండి. ఫోన్ కాల్ వెళ్లని చోట మెసేజ్ వెళ్లొచ్చు, పంపి చూడండి. మంచినీళ్లు మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు, ఎండ ముదిరితే అంతకంటే ఎక్కువ పెట్టుకుని బయలుదేరాలి. దాహమేసి రేడియేటర్ నీళ్ల జోలికి వెళ్లకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అది విషం, కిడ్నీలను దెబ్బతీస్తుంది. చలి వేస్తోందని అద్దాలు మూసి ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకోకండి. బురదలోనో మంచులోనో సైలెన్సర్ గొట్టం మూసుకుపోయి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు.

ఇదంతా అవసరపడకుండా ఉండాలంటే రెండు బండ్లతో వెళ్లండి. బయలుదేరే ముందు ఒక కాగితం మీద ఏ దారిలో వెళ్తున్నారో, ఎంతమందో, ఎప్పటికి తిరిగొస్తారో, ఆ వేళ దాటాక ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. దారి మార్చుకుంటే ఆ కబురు కూడా పంపండి. తిరిగొచ్చాక మాత్రం ‘వచ్చేశాం’ అని చెప్పడం మరిచిపోకండి. మీరు ఇంట్లో హాయిగా నిద్రపోతుంటే అక్కడ ఎవరో టార్చిలైట్లు పట్టుకుని మీకోసం వెతుకుతుంటారు.

ఉంటాను.

మీ పెదనాన్న