వెనక సీట్లో కూర్చునేది ఎవరు?

2017 ఫిబ్రవరిలో మెర్సిడెస్ భారత్‌లో కొత్త ఈ-క్లాస్ విడుదల చేసినప్పుడు దాని వీల్‌బేస్ 3079 మిల్లీమీటర్లు. అదే కారు యూరప్‌లో 2939. పేరు ఒకటే, ముఖం ఒకటే, తేడా 140 మిల్లీమీటర్లు. బెత్తెడుకు ఎక్కువ, జానెడుకు తక్కువ. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉండే దూరమే వీల్‌బేస్. పెంచిన ఆ పొడవంతా ముందు సీటుకీ వెనక ఇరుసుకీ మధ్యే చేరుతుంది కాబట్టి లాభం మొత్తం వెనక కూర్చున్నవారి మోకాళ్ళదే. డ్రైవర్‌కు అందులో ఒక్క మిల్లీమీటరు కూడా దక్కదు.

పొడుగు బండ్లు కొత్తేమీ కాదు. మెర్సిడెస్ ఎస్-క్లాస్ వంటివి దశాబ్దాలుగా రెండు పొడవుల్లో వచ్చేవి. కానీ అవి ఎలాగూ షోఫర్లు, అంటే జీతానికుండే డ్రైవర్లు, నడిపే కార్లు. మధ్యతరహా సెడాన్‌ను ఒక దేశం కోసం పనిగట్టుకుని సాగదీయడం పెద్ద వ్యాపారంగా మారింది మాత్రం చైనాలోనే.

అక్కడ 1980లు, 90లలో కారు సొంత ఆస్తి కాదు, ఆఫీసుది. కొనేది ప్రభుత్వ శాఖ లేదా సంస్థ. నడిపేది జీతగాడు. వెనక కూర్చునేది అధికారి. ఫోక్స్‌వాగన్ షాంఘైలో తయారుచేస్తున్న శాంటానాకు 1995లో శాంటానా 2000 అనే పొడుగు రూపం వచ్చింది. వీల్‌బేస్ 2548 నుంచి 2656కు పెరిగింది. తర్వాత ఆడి తన ఏ6ను అక్కడి కోసం 90 మిల్లీమీటర్లు పెంచింది. 2006లో బీఎమ్‌డబ్ల్యూ 5 సిరీస్‌ను 140 పెంచింది. 2010లో ఈ-క్లాస్ కూడా సరిగ్గా అంతే పెరిగింది. ఒకరు పెంచితే మిగతావాళ్ళు కూర్చోలేని పోటీ అది.

ఆ పొడవు ఒక్కోసారి పుట్టింటికి కూడా తిరిగొచ్చింది. చైనా కోసం 100 మిల్లీమీటర్లు సాగదీసిన ఫోక్స్‌వాగన్ పస్సాట్ కారు ప్లాట్‌ఫామ్ (అడుగు నిర్మాణం) మీదే 2001లో స్కోడా సూపర్బ్‌ను యూరప్‌లో నిలబెట్టారు. వెనక సీటు జాగాతోనే ఆ కారు పేరు తెచ్చుకుంది.

ఇది మధ్యలో కోసి అతికించే పని కాదు. వెనక తలుపు పొడవవుతుంది, అంటే దానికి కొత్త అచ్చులు కావాలి. ఫ్లోర్, బ్రేక్ పైపులు, వైరింగ్, ఇంజన్ వెనక చక్రాలను తిప్పే కారైతే ఆ శక్తిని వాటికి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మారాలి. ఢీకొన్నప్పుడు ఎలా ఉంటుందో మళ్ళీ పరీక్షించాలి. భారీగా అమ్ముడుపోతే తప్ప ఈ ఖర్చు గిట్టదు. బండి మలుపు తిరగడానికి ఎక్కువ జాగా కావాలి, ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట రాసుకుంటుంది. కుదుపులు మాత్రం తగ్గుతాయి.

జపాన్‌లో కథ వేరు. అక్కడ చిన్న కార్లకిచ్చే ‘5 నంబర్’ రిజిస్ట్రేషన్ తరగతికి పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు హద్దు. అందుకే 1990ల చివర్లో వచ్చిన హోండా అకార్డ్‌ను కంపెనీ అమెరికాకు పెద్దగా, జపాన్‌కు 1695 మిల్లీమీటర్ల వెడల్పుతో సన్నగా చేసింది. అక్కడ కారు కొలతలు నిర్ణయించింది మోకాళ్ళు కాదు, చట్టం.

ఈ రెండు ఒత్తిళ్ళూ ఒకేచోట కలిసింది భారత్‌లో. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది. షరతులు: పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకూడదు. అప్పటికే టాటా దగ్గర ఇండిగో సెడాన్ ఉంది. 2007లో దాని వీల్‌బేస్‌ను ఏకంగా 200 మిల్లీమీటర్లు పెంచి ఇండిగో ఎక్స్ఎల్ చేశారు. మరుసటి ఏడాది అదే ఇండిగోకు డిక్కీ కత్తిరించి నాలుగు మీటర్ల లోపు సీఎస్ చేశారు. ఈ రెండు బండ్లనూ పక్కపక్కన పెడితే ఈ మార్కెట్ పితలాటకమంతా అర్థమవుతుంది.

గెలిచింది కత్తెరే. 2008లో 4160 మిల్లీమీటర్లున్న మారుతి స్విఫ్ట్ డిజైర్ 2012కల్లా 3995కు కుదించుకుంది. అయితే వీల్‌బేస్ తగ్గలేదు సరికదా, 2390 నుంచి 2430కి పెరిగింది. బలైంది డిక్కీ: 440 లీటర్ల నుంచి 316కు. ఆ డిజైనర్లకు నా మటుకు దండం పెట్టాలనిపిస్తుంది. సుంకానికి పొడవు కట్టారు, వెనక కూర్చునేవారికి జాగా ఇచ్చారు, వెనక నుంచి చూస్తే అందం పోయిందంటే పోయింది. జీఎస్టీ వచ్చినా ఆ నాలుగు మీటర్ల గీత చెరగలేదు.

ఖరీదైన సెడాన్లకు ఆ గీతతో పనిలేదు. అవి పొడవు పెంచుకుంటూనే ఉన్నాయి. 2017 నాటి ఈ-క్లాస్ పొడుగు రూపం కుడివైపు స్టీరింగ్‌తో మొదట వచ్చింది భారత్‌కే. 2021 జనవరిలో బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్‌ను గ్రాన్ లిమోసిన్ పేరుతో తెచ్చింది. దశాబ్దాలుగా నడిపేవాడి ఆనందం కోసమే పుట్టిందని పేరున్న కారు అది. దాని వీల్‌బేస్ 2961. దానికి పై తరగతి కారైన అప్పటి 5 సిరీస్‌ది 2975. తమ్ముడు అన్నకు 14 మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చేశాడు. 2024 జులైలో కొత్త 5 సిరీస్ భారత్‌కు వచ్చేటప్పటికి అన్న వీల్‌బేస్ 3105.